చుక్కల పెట్టకి వైద్యం

నవ్వకండేం! క్రిందటి డిసెంబరులో నేను ఇరవైరోజులపాటు ఓ కోడిపెట్టకి నర్సు ఉద్యోగం చేశాను. రాయవలసిన నవల కాగితాలు బల్లమీద దుమ్ము కొట్టుకుపోతుంటే, నేను పెరట్లో పీటేసుక్కూచుని, ఒళ్ళో పాత తువ్వాలు, తువ్వాల్లో కోడి, చేతిలో దూది... అదీ నా అవతారం! గేటు తీసుకుని లోపలికొచ్చిన పక్కింటావిడ ఒక్క క్షణం నిలబడి చూసి, "కూరకా వొదినా, ఈకలు పీకుతున్నారా?" అంది. "కాదండీ, మందు రాస్తున్నాను" అన్నాను. అప్పుడావిడ మొహంలో కనిపించిన జాలి నామీదో కోడిమీదో ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

మాది కోనసీమ. ఊరు టౌనులా మారిపోయినా మా వీధికి ఇంకా దొడ్లు మిగిలాయి. మా అత్తయ్యగారికి ఆ దొడ్డే ప్రపంచం. నాలుగు కొబ్బరిచెట్లు, ఓ కరివేపాకు చెట్టు, తులసికోట, ఎనిమిది కోళ్ళు. కోళ్ళ లెక్క ఆవిడ ప్రొద్దున గూటి తలుపు తీసేప్పుడొకసారి, సందె వేళ మూసేప్పుడొకసారి చూసుకుంటారు. ఏది గుడ్డు పెట్టింది, ఏది పొదిగే వేడిమీదుంది, ఏది మేత సరిగ్గా తినలేదు - అన్నీ ఆవిడకి తెలుసు. ఆవిడ వాటికి పేర్లు మాత్రం పెట్టరు. ఎర్రది, నల్లది, బోడిమెడది, అంతే. "కోసుకునేవాటికి పేరేమిటమ్మాయ్!" అంటారు.

కానీ మా బుల్లికి పదేళ్ళు. దానికి పేరు పెట్టకుండా ఏదీ ఉండదు. నల్లటి ఒంటిమీద తెల్లచుక్కలున్న పెట్టకి చుక్కమ్మ అని పేరు పెట్టేసింది. గొడవంతా అక్కడే మొదలైంది కాబోలు.

ఆరోజు సాయంత్రం దడి కంతలోంచి వీధికుక్క ఒకటి దూరింది. కోళ్ళ కేకలు విని అత్తయ్యగారు కర్ర పుచ్చుకు పరుగెత్తేసరికి కుక్క చుక్కమ్మని వదిలేసి పారిపోయింది. పెట్ట మాత్రం అరటిబోదెల వెనక నక్కి, రెక్క వేలాడేసి, కళ్ళు సగం మూసి కూచుంది. అరుపు లేదు, ఏడుపు లేదు. వీపుమీద రెక్క మొదట్లో నాలుగువేళ్ళ మేర చర్మం చీరుకుపోయి, లోపలి ఎర్రటి కండ కనిపిస్తోంది.

అత్తయ్యగారు వంగి చూశారు. రెక్క ఎత్తి చూశారు. తర్వాత నావైపు తిరిగి మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు, "కత్తిపీట పట్రా అమ్మాయ్. ఇది రాత్రి దాటదు. చచ్చాక పారేసుకునే బదులు ఇప్పుడే కోసేస్తే దానికీ బాధ తప్పుతుంది, మనకీ కూరవుతుంది" అన్నారు.

బుల్లి "నానమ్మా!" అని ఒక్క అరుపు అరిచి కోడికి అడ్డంగా కూచుంది.

ఆవిడన్న మాటలో నాకు తప్పేమీ కనబడలేదు, అదీ నా ఇబ్బంది. మేం ఆదివారం వస్తే కోడికూర తినే మనుషులమే. రేపో ఎల్లుండో పండక్కి కొయ్యబోయే కోడిని ఇవాళ కొయ్యడానికి అభ్యంతరం ఏమిటి? పైగా బాధ తప్పించడం కూడానూ. అయినా నేను కత్తిపీట తేలేదు. "రేపటిదాకా చూద్దామండీ" అన్నాను. దయతో అన్నానని చెప్పను. కూతురు చూస్తోంది కాబట్టి అన్నాను. మనం చేసే మంచిపనుల్లో చాలాభాగం పిల్లలు చూస్తుండబట్టి చేసేవేనేమో, మీరూ ఆలోచించి చూడండి.

ఇక వైద్యం సంగతి. నాకేమీ తెలీదు. పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, మర్నాడు వచ్చి చూస్తాననీ, ఈలోగా పుండు శుభ్రం చెయ్యమనీ చెప్పారు. లీటరు నీళ్ళు మరగకాచి, తొమ్మిది గ్రాముల ఉప్పు - అంటే రెండు చిన్న చెంచాలకి కాస్త తక్కువ - వేసి, గోరువెచ్చగా చల్లారనిచ్చి, ఆ నీళ్ళతో ధారగా కడగమన్నారు. చుట్టూ ఉన్న ఈకలు పీకకూడదట, కత్తెరతో కత్తిరించాలిట. అందులోనూ కొత్తగా మొలుస్తున్న ఈకల్ని ముట్టుకోకూడదు, వాటి కాడలో నెత్తురుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పారు. "గట్టిగా పట్టుకోకండమ్మా, పక్షులకి మనకున్నట్టు ఊపిరితిత్తుల కింద అడ్డపొర ఉండదు. రొమ్ము ఎముక పైకీ కిందకీ కదిలితేనే వాటికి ఊపిరాడుతుంది. ప్రేమకొద్దీ గుండెకి హత్తుకున్నారంటే మీ చేతుల్లోనే పోతుంది" అన్నారు. ఆ మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. బుల్లి అప్పటికే దాన్ని హత్తుకుని కూచుంది మరి!

తలమీద గుడ్డ కప్పి చీకటి చేస్తే కోడి నిమ్మళిస్తుంది. అది అత్తయ్యగారు చెప్పారు. కత్తిపీట అడిగిన మనిషే కొంగు చాటున దాని తల దాచి, నేను కడుగుతున్నంతసేపూ "అయిపోయిందే, అయిపోయింది" అంటూ కూచున్నారు. నీళ్ళు తగిలినప్పుడల్లా దాని కాళ్ళు ఒకసారి ముడుచుకునేవి, అంతే. నొప్పి బయటికి చూపించిన కోడిని తక్కిన జంతువులు బతకనివ్వవు. అందుకని వాటి జాతే నొప్పి దాచుకోవడం నేర్చుకుంది. ఆ మాట డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎందుకో అడక్కండి.

అరటిపళ్ళ అట్టపెట్టెలో గోనెపట్టా, దానిమీద పాత మెత్తటి గుడ్డ పరిచి వంటింటి మూల పెట్టాం. బుల్లి థర్మామీటరు తెచ్చి రెక్క కింద పెట్టి, "అమ్మా, నూటఆరు! దీనికి చచ్చేంత జ్వరం!" అని గోల. తీరా కనుక్కుంటే కోడి ఒంటి వేడి మామూలుగానే నూటఆరు, నూటఏడు ఉంటుందిట. మనకి ప్రాణం మీదికొచ్చే జ్వరం దానికి నిత్యారోగ్యం!

మర్నాడు డాక్టరుగారు వచ్చి చూసి, పుండు పైపైనే ఉందనీ, ఎముక విరగలేదనీ, కుట్లు అక్కర్లేదనీ అన్నారు. కుక్కకాటు కనక చీము పట్టకుండా ఐదురోజులు మందు ఇచ్చి, పుండుకి పొవిడోన్ అయోడిన్‌ని పాలు పొయ్యని టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి రాయమన్నారు. ఈగలు వాలకుండా చూడటం అన్నిటికంటే ముఖ్యమట. ఈగ వాలి గుడ్లు పెడితే ఒకరోజు తిరక్కుండానే పురుగు పడుతుంది. "మనుషులు వాడే నొప్పి మాత్రలు మీ లెక్కన మీరు ముక్కలు చేసి పెట్టకండి. ఇంకోమాట - మందు వాడినన్నాళ్ళూ, ఆ తర్వాత కూడా నేను చెప్పిన రోజులు గడిచేదాకా దీని గుడ్డుగానీ మాంసంగానీ తినకూడదు" అన్నారు. పక్కింటావిడ దడి మీంచి, "కుక్క కరిచింది కదండీ, పిచ్చెక్కకుండా కోడిక్కూడా ఇంజక్షన్ పొడవాలా?" అని అడిగింది. ఆయన నవ్వి, రేబిస్ పాలిచ్చి పెంచే జంతువులకొచ్చే జబ్బేననీ, పక్షుల గురించి బెంగలేదనీ చెప్పి, "కోడి సంగతి సరే, ఆ కుక్క మీ పిల్లని గీరలేదు కదా?" అని నన్నడిగారు. కోడి హడావుడిలో ఆ మాటే నాకు తట్టలేదు సుమండీ! పిల్లని నుంచోబెట్టి కాళ్ళూ చేతులూ అప్పుడు వెతికాను. ఏమీ లేదు.

మూడురోజులు అది మేత ముట్టలేదు. ముక్కు చివర నీటిబొట్టు ఆనిస్తే తనంతట తాను చప్పరించేది. గొంతులో పొయ్యకూడదు, ఊపిరి పోయే దారి నాలిక మొదట్లోనే ఉంటుంది. పచ్చటి రెట్ట వేసేది. మేత లేక వట్టి పైత్యం దిగుతోందన్నారు డాక్టరుగారు. నాలుగోరోజున ఉడికిన గుడ్డులో పచ్చసొన చిదిపి పెడితే రెండుసార్లు పొడిచింది. మావారు పేపరు దించి, "కోడిగుడ్డు కోడికే పెడుతున్నావా? దీన్నేమంటారు మీ సాహిత్యంలో?" అన్నారు. నేను మాట్లాడలేదు. దాని మెడ కింద మేత నిలిచే తిత్తి తడిమి చూసి, గోళీకాయంత గట్టిగా తగిలేసరికి నాకు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది.

ఆ మధ్యలో వచ్చింది ఆదివారం.

మావారు అలవాటు ప్రకారం పొద్దున్నే బజారుకెళ్ళి, నల్ల కవరులో కిలో కోడిమాంసం తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టారు. గట్టుకి రెండడుగుల దూరంలో అట్టపెట్టె. అట్టపెట్టెలో చుక్కమ్మ. బుల్లి కవరు వంక చూసింది, పెట్టె వంక చూసింది, నా వంక చూసింది. "అమ్మా, ఇది ఎవరు?" అంది.

'ఇది ఏమిటి' అనలేదు, 'ఎవరు' అంది!

నేను గరిటె పుచ్చుకుని అలా నిలబడిపోయాను. ఆ కవరులో ఉన్నదీ కోడే. గుడ్డులోంచి బయటపడ్డ ఆరువారాలకి రెండు కిలోలు తూగి, మట్టి గీరకుండా, చెట్టెక్కకుండా, ఓ గుడ్డయినా పెట్టకుండా కాటా ఎక్కింది. బజారుకి వచ్చేప్పుడు ఏ మోటారుసైకిలు హాండిలుకో కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడుతూ వచ్చి ఉంటుంది. దాని రెక్క విరిగిందో లేదో ఎవరూ ఎత్తి చూసి ఉండరు. దానికీ ఒంటివేడి నూటఆరే. తేడా అల్లా దాన్ని మేం ఎరగం. అంతే కదా?

బుల్లికి ఏం చెప్పాలో తోచక, "కొన్న కోడి వేరు, పెంచిన కోడి వేరు" అన్నాను. అది కొంచెం ఆలోచించి, "దానికి తెలుసా వేరని?" అంది. కూర వండాను. ఉప్పు ఎక్కువైంది.

బి.ఏ.లో మాకు నీతిశాస్త్రం ఒక పేపరుండేది. అందులో జర్మన్ తత్వవేత్త కాంట్ గురించి చదివాం. జంతువులపట్ల మనకి నేరుగా బాధ్యతంటూ లేదుగానీ, వాటిని హింసించేవాడి మనసు మొద్దుబారి రేపు మనుషుల్నీ అలాగే చూస్తాడు కనక వాటిని దయగా చూడాలి - అన్నది ఆయన వాదం. 1789లో వచ్చిన పుస్తకంలో ఇంగ్లండుకి చెందిన బెంథామ్ దానికి వేరే దారి పట్టాడు. బుద్ధి ఉందా, మాటలొచ్చా అన్నది కాదు, బాధ తెలుస్తుందా లేదా అన్నదే చూడాలన్నాడు. పరీక్షలో రెండూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. పాతికేళ్ళ తర్వాత వంటింట్లో అవి రెండూ నాకు ఒక్కసారే అడ్డం తిరిగాయి. బెంథామ్ మాట నమ్మితే నల్ల కవరు మా ఇంటికి రాకూడదు. కాంట్ మాట నమ్మితే, ఏళ్ళ తరబడి కోళ్ళు కోసిన మా అత్తయ్యగారి మనసు ఈపాటికి రాయి అయిపోయుండాలి. కానీ మా వీధిలో ఏ పురిటికైనా, ఏ చావుకైనా ముందు గడప దాటి వెళ్ళే మనిషి ఆవిడే. ఐదోనాటి రాత్రి నాకు మెలకువొచ్చి చూస్తే, వంటింట్లో లైటు వెలుగుతోంది. ఆవిడ కొబ్బరినూనెలో పసుపు రంగరించి, పుండు అంచులకి వేలితో అద్దుతున్నారు. నన్ను చూసి, "నిద్రపట్టక లేచానులే" అన్నారు, తప్పుచేస్తూ దొరికినట్టు.

ఇక మనుషుల్ని దయగా చూడటమంటారా... ఆ సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు!

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఆరోరోజున నాకు సాయం కూచుంది. కోడిని తను పట్టుకుంది, నేను టీరంగు మందు అద్దుతున్నాను. మందు తగలగానే కోడి వణికింది. "మండుతుందమ్మగారూ దానికి. నా కాలికీ ఇదే మందు రాశారు ఆస్పత్రిలో. నాకూ బాగా మండింది" అంది.

మామూలుగా, నవ్వుతూనే అంది. దెప్పడం ఆ పిల్లకి చేతకాదు. కానీ నా చెయ్యి ఆగిపోయింది. క్రిందటి శ్రావణంలో మా నూతిపళ్ళెం దగ్గర - మా నూతిపళ్ళెమే, ఎవరిదో కాదు - నాచుమీద జారి దాని పాదం చీరుకుపోయింది. నేనేం చేశాను? ఆటోకి డబ్బులిచ్చాను. నాలుగురోజులు రాకపోతే జీతం కొయ్యలేదు. అది గొప్పే అనుకున్నాను కూడా. అయితే ఆ నాలుగురోజుల్లో మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ అడిగింది ఒకటే - "ఎప్పుడొస్తావు?" అని. వరలక్ష్మీవ్రతం, ఇంటికి చుట్టాలు. పుండు ఎంత లోతు, మందు మండిందా, రాత్రి నిద్రపట్టిందా - ఇవేవీ నేనడగలేదు. కోడి రెట్ట రంగు మూడుపూటలా చూసిన మనిషిని నేను!

"ఇప్పుడెలా ఉంది కాలు?" అన్నాను. అడిగిన నాకే నా గొంతు కృతకంగా వినిపించింది.

"బానే ఉందండీ. చలికి కొంచెం లాగుతుంది" అని, కోడి వంక చూసి, "దీనికి నయమైపోద్దిలెండి, మీరు బాగా చూస్తున్నారు" అంది.

ఆ సాయంత్రం నూతిపళ్ళెం నాచంతా నేనే సున్నం జల్లి గీకాను. మావారు చూసి "ఇవాళ దీనికేమొచ్చింది?" అన్నట్టు కళ్ళెగరేశారు. గీకితే నాచు పోయింది. తక్కినదేం పోతుంది?

భారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ మీకందరికీ తెలిసిందే. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టుకింద వేదం చదువుకుంటుంటే పైనుంచి కొంగ రెట్ట వేస్తుంది. ఆయన కోపంగా చూస్తాడు, కొంగ చచ్చి పడిపోతుంది. తర్వాత భిక్షకి ఒక ఇంటికెళితే, ఆ ఇల్లాలు మొగుడికి వడ్డించేదాకా ఈయన్ని నిలబెడుతుంది. ఈయన గుడ్లురిమితే, నీ చూపుకి మాడటానికి నేను కొంగని కాను అన్న అర్థం వచ్చేలా చురక వేసి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకి పోయి అక్కడి మాంసం కొట్టువాణ్ణి అడగమంటుంది. చిన్నప్పుడు ఈ కథలో నాకు ఇల్లాలి ధీమా నచ్చింది. పెద్దయ్యాక ధర్మవ్యాధుడి మాటలు నచ్చాయి. నాగలి దున్నినా ప్రాణులు చస్తాయి, నడిచినా చస్తాయి, హింస బొత్తిగా లేకుండా బతికే వాళ్ళెవరని ఆయన అడుగుతాడు. ఈసారి మాత్రం నా దృష్టి ఇంకోచోట పడింది. ఆయన మాంసం అమ్మేవాడే. కానీ తను చంపడు, తను తినడు. మరి నేను? నేను చంపను, అమ్మను. తినడం మాత్రం తింటాను. చెడ్డపని ఇంకొకళ్ళ చేతిలో పెట్టి రుచి నాదగ్గర ఉంచుకున్నాను. పైగా కత్తి పట్టే అత్తయ్యగారిని చూసి మొహం తిప్పుకునే సుకుమారం ఒకటి! అన్నట్టు, ఆ కొంగని గురించి ఆ తర్వాత ఎవరూ పట్టించుకున్నట్టు కనిపించదు. కౌశికుడికి జ్ఞానోదయమైంది, బాగానే ఉంది. కొంగకేమైంది?

మన దేశంలో జంతువుల బాధ గురించి చట్టం రావడానికి వెనక ఒక స్త్రీ పట్టుదల ఉందని మనలో చాలామందికి గుర్తులేదు. కళాక్షేత్రం రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకి నామినేటయ్యాక దీనికోసం సొంతంగా బిల్లు పెట్టారు. చివరికి 1960లో చట్టం వచ్చింది. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. జంతువులకి అనవసరమైన బాధ కలిగేలా మొయ్యడం, తరలించడం, పందేలకి ఉసిగొల్పడం ఆ చట్టం ప్రకారం నేరం. మా గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడురోజులూ ఆ చట్టానికి సెలవులనుకుంటాను, అది వేరే కథ. తిండికోసం చంపడాన్ని మాత్రం చట్టం నేరమనలేదు, అనవసరమైన బాధ లేకుండా జరిగినంతవరకూ. ఆ 'అనవసరం' అన్న మాట చుట్టూ నేను చాలాసేపు తిరిగాను. ఎవరికి అనవసరం? చుక్కమ్మ రెక్కకింద కుక్కపన్ను అనవసరమని నాకు వెంటనే తెలిసింది. నల్ల కవరు సంగతి ఎందుకు తెలియలేదు?

సరే, పదోరోజుకి పుండుమీద లేత గులాబీరంగు చర్మం అల్లుకొచ్చింది. కోడి చర్మం అంత తొందరగా పూడుకుంటుందని నాకు తెలీదు. అట్టపెట్టెలోంచి దూకి, పొయ్యి గట్టుకింద నూకలు ఏరడం మొదలెట్టింది. ఇంక దొడ్లోకి పంపొచ్చునని బుల్లీ నేనూ సంబరంగా పట్టుకెళ్ళి వదిలాం.

వదిలీ వదలకముందే ఎర్రపెట్ట వచ్చి దాని వీపుమీద, సరిగ్గా ఆ లేత చర్మం మీద పొడిచింది. నెత్తురు చిమ్మింది. అది చూసి తక్కినవీ వచ్చాయి. బుల్లి "ఛీ ఛీ, వీటికి జాలి లేదా!" అని ఏడుపు. ఎరుపు కంటపడితే కోళ్ళు ఆగవు. కోళ్ళమందలో ఎవరు ఎవర్ని పొడవచ్చో ఒక వరస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డరప్ ఎబ్బె 1921లో రాశాడు. పెకింగ్ ఆర్డర్ అన్న మాట అక్కణ్ణించి వచ్చిందే. నాలుగురోజులు కనబడకపోతే ఆ వరసలో చోటు పోతుంది, మళ్ళీ అడుగునించి మొదలెట్టాలి. ఉమ్మడి కుటుంబంలోకి ఆఖరి కోడలిగా వచ్చినవాళ్ళకి ఈ శాస్త్రం నార్వే వాళ్ళు నేర్పక్కర్లేదనుకోండి! పురిటికి పుట్టింటికెళ్ళి ఐదునెలల తర్వాత తిరిగొచ్చి చూడండి, మీ గరిటె ఎవరి చేతిలో ఉంటుందో.

అత్తయ్యగారు మాట్లాడకుండా కోడిని తీసుకెళ్ళి మళ్ళీ కడిగారు. వారంరోజులు దాన్ని కోళ్ళగంప కింద మూసి దొడ్డి మధ్యలో ఉంచారు, తక్కినవి చూస్తూ తిరిగేలా. తర్వాత ఓ రాత్రి, అన్నీ నిద్రలో ఉండగా, చీకట్లో చప్పుడు కాకుండా గూట్లోకి తోసేశారు. "పొద్దున్న లేచేసరికి పక్కనే ఉంటే, ఎప్పట్నించో ఉందనుకుంటాయి" అన్నారు. నిజంగానే అంత గొడవ కాలేదు. ఎర్రది మాత్రం నీళ్ళచిప్ప దగ్గరకొస్తే తరిమేది.

అసలు కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. సంక్రాంతి వచ్చింది.

మా ఆడపడుచూ, ఆవిడ భర్తా, పిల్లలూ హైదరాబాదు నుంచి దిగారు. కనుమనాడు గారెలూ, నాటుకోడి పులుసూ మా ఇంట్లో తప్పనిసరి. భోగి సాయంత్రం నించీ నాకు కడుపులో ఒకటే ఇది. గూట్లో ఎనిమిది ఉన్నాయి. అందులో సన్నగిల్లి, కొంచెం కుంటుతూ, ఇంకా గుడ్డు పెట్టని పెట్ట ఒక్కటే. ఏ లెక్క చూసినా ముందు రావలసింది దాని వంతే. అడుగుదామంటే నోరు రాదు. అడిగి ఏమనాలి? దీన్ని వదిలెయ్యండి అంటే, మరి దేన్ని పట్టమని చెప్పినట్టు?

సంక్రాంతి రాత్రి అత్తయ్యగారు టార్చిలైటు పుచ్చుకుని గూడు దగ్గరికి వెళ్ళారు. వెనకాలే వెళ్ళాను.

"ఏదండీ?" అన్నాను.

"ఎర్రది" అన్నారావిడ గూట్లోకి చెయ్యి పెడుతూ. నేనేమీ అడక్కుండానే, "ఆ చుక్కలదాని ఒంట్లోకి మందులెళ్ళాయిగా. డాక్టరు తినొద్దన్నాడు" అని చేర్చారు.

డాక్టరుగారు చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ లెక్క ఆవిడకి నాకంటే బాగా తెలుసు. దొడ్లో లెక్కలు తప్పే మనిషి కాదు. నేను, "అవునండీ, మందులు" అన్నాను.

ఆ క్షణాన నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. లోపలికొచ్చి మినప్పప్పు నానపోస్తూ, నాలో నేను 'బాగానే అయిందిలే, ఆ ఎర్రదేగా గాయం మీద పొడిచింది' అనుకున్నాను. అనుకుని ఉలిక్కిపడ్డాను. కోడి కోడిలా ఉన్నందుకు నేను దానికి శిక్ష రాస్తున్నాను! ఎర్రది చేసిన నేరం నిజానికి అది కూడా కాదు. కుక్క దాన్ని కరవలేదు. అందుకని దాన్ని ఎవరూ ఒళ్ళో కూచోబెట్టుకోలేదు, ఎవరూ పేరు పెట్టలేదు. కుక్క ఆరోజు రెండడుగులు ఎడంగా దూకి ఉంటే, ఈ రాత్రి నేను ఎర్రదాని పక్షాన వకాల్తా పుచ్చుకుని నిలబడి ఉండేదాన్ని.

కనుమనాడు మధ్యాహ్నం అందరం కూచున్నాం. బుల్లి విస్తట్లో కూర పడగానే చెయ్యి వెనక్కి తీసుకుని, నా చెవిలో, "ఇది చుక్కమ్మ కాదుగా?" అంది.

"కాదు" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

అది తినడం మొదలెట్టింది. రెండోసారి కూడా వేయించుకుంది. నేనూ తిన్నాను. చాలా బాగా కుదిరిందని మా ఆడపడుచు భర్త మెచ్చుకున్నారు. పనిచేసే అమ్మాయికి గిన్నెలో కూరా, పది గారెలూ పెట్టి ఇస్తూ, చలికి కాలు లాగుతోందా అని అడిగాను. "లాగుతోందండీ" అంది. ఈసారి ఆగి విన్నాను, ఎక్కడ లాగుతోందో, ఏవేళప్పుడు లాగుతోందో.

మర్నాడు ముక్కనుమ. పొద్దున్నే అత్తయ్యగారు గూటి తలుపు తీసి, అలవాటు కొద్దీ పెదవుల్లో లెక్క పెట్టుకున్నారు. ఏడు. నేను చిప్పలో నీళ్ళు పోశాను. ఎప్పుడూ అన్నీ తాగి వెళ్ళాక వచ్చే చుక్కమ్మ ఆవేళ కొంచెం ముందుగానే వచ్చి తాగింది. తరిమేవాళ్ళు ఒకరు తగ్గారు కదా.